తిండి పెడుతున్నా మనిషి ఎందుకు చిక్కిపోతాడు?

పచ్చళ్లూ, పిండివంటలూ, కుట్లూ అల్లికల మధ్య ఈ వారం కాస్త బరువైన విషయం ఎత్తుకున్నాను. పేజీ తిప్పేయకండి. కాన్సర్ వచ్చిన మనిషికి వండి పెడుతున్న ప్రతి ఇల్లాలూ, ముఖ్యంగా గోదావరిఖని, రామగుండం, యైటింక్లైన్ కాలనీల్లో బాయిపని చేసే కుటుంబాల ఆడవాళ్లూ చివరిదాకా చదవాల్సిన సంగతి ఇది.

మాట పడేది ఎవరు?

ఇంటాయనకు కాన్సర్ అని తేలింది. కంపెనీ ఆస్పత్రిలో చూపించారు, హైదరాబాద్‌కు రిఫర్ చేశారు, మందులు మొదలయ్యాయి. ఆర్నెల్లు తిరక్కుండానే మనిషి సగమైపోయాడు. బుగ్గలు లోపలికి పోయాయి, చొక్కా హ్యాంగర్‌కు వేలాడినట్టు వేలాడుతోంది. చూడ్డానికి చుట్టాలొస్తారు. మంచం పక్కన కూర్చుని, వంటింటి వైపు చూసి ఒక మాట అంటారు. "ఏం బిడ్డా, ఇంత చిక్కిపోయిండు... కడుపునిండ పెడ్తలేవా?"

ఆ మాట విన్న ఆడదాని మనసు ఎలా ఉంటుందో మనకు తెలుసు కదూ! తెల్లారుజామున లేచి జావ కాచింది తను. గుడ్డు ఉడకబెట్టింది, బతిమాలింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన రెండు ముద్దలు తిని పళ్లెం తోసేస్తే ఆ అన్నం తనే తిని గిన్నెలు కడుక్కుంది. ఇంతా చేసి చివరికి తప్పు తనదే అయింది. తప్పు తనదే కాబోలని తనూ నమ్మడం మొదలుపెడుతుంది.

అందుకే ముందుగానే చెప్పేస్తాను. కాన్సర్ రోగి చిక్కిపోవడానికి మీ వంట కారణం కాదు. మీ ప్రేమలో లోటూ కాదు. కారణం ఆయన ఒంట్లోనే ఉంది. దానికో పేరుంది, అది చేసే పనిని కొంతవరకు రక్తపరీక్షలోనూ చూడొచ్చు. అదేమిటో తెలుసుకుంటే అనవసరమైన బాధ తగ్గుతుంది, అవసరమైన పని సకాలంలో జరుగుతుంది.

ఒంట్లో మోగే సైరన్

కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. కాసేపటికి ఆ చోటు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. దీన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మనం వాపు, మంట అనుకుంటాం. ఇది జబ్బు కాదు, శరీరం చేసే రక్షణ. దెబ్బ తగిలిన చోటి కణాలు "ఇక్కడ ప్రమాదం, రండి" అని కబురు పంపుతాయి. కబురందుకుని తెల్లరక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. ఆ కబురు మోసుకెళ్లే ప్రోటీన్లనే సైటోకైన్లు అంటారు. వాటిలో మనకు ఈ వారం కావలసిన ముఖ్యమైన పేరు ఇంటర్‌ల్యూకిన్-6. ముద్దుగా ఐఎల్-6 అందాం. 1986లో జపాన్‌లోని ఒసాకాలో కిషిమోటో, హిరానో అనే శాస్త్రవేత్తల బృందం దీని జన్యువును పట్టుకుంది. దీనికి తోడుబోయినవి మరో రెండున్నాయి: ఐఎల్-1, టీఎన్‌ఎఫ్.

బాయి దగ్గర ప్రమాదం జరిగితే సైరన్ మోగుతుంది. రెస్క్యూ వాళ్లు ఉన్నపళంగా పరుగెత్తుతారు. పని కాగానే సైరన్ ఆగుతుంది. వేలు తెగినప్పుడూ అంతే. నాలుగు రోజుల్లో పుండు మానుతుంది, ఐఎల్-6 తగ్గిపోతుంది.

మరి సైరన్ పగలూ రాత్రీ, నెలల తరబడి ఆగకుండా మోగుతూనే ఉంటే? మొదట్లో పరుగెత్తినవాళ్లు అలసిపోతారు. నిజమైన ప్రమాదం ఎక్కడో ఎవరికీ తెలియదు. స్టోర్లో సరుకంతా ఖాళీ అవుతుంది. కాన్సర్ ఒంట్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. కాన్సర్ గడ్డను మానని పుండుతో పోల్చాడు హెరాల్డ్ డ్వోరాక్ అనే అమెరికన్ డాక్టరు, 1986లోనే. గడ్డలోని కణాలు, దాని చుట్టూ చేరిన తెల్లకణాలు కలిసి ఐఎల్-6ను విడవకుండా తయారుచేస్తుంటాయి.

పశువుల జబ్బు చెప్పిన రహస్యం

ఈ సంగతి బయటపడింది ఎలాగో తెలుసా? మనుషుల్ని చూసి కాదు, పశువుల్ని చూసి! ఆఫ్రికాలో ట్రిపనోసోమా అనే సూక్ష్మజీవి సోకిన పశువులు చిక్కి శల్యమైపోతాయి. ఒంట్లో ఉన్న క్రిములు చూస్తే కొంచెమే, పశువు మాత్రం ఎముకల గూడవుతుంది. క్రిములు తినేస్తే చిక్కిందనుకోవడానికి లేదు. మరి ఎవరు తింటున్నారు?

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామీ, బ్రూస్ బ్యూట్లర్ దీని వెంటపడ్డారు. పశువు శరీరమే తయారుచేసే ఒక పదార్థం దాన్ని కుశింపజేస్తోందని కనిపెట్టి, దానికి కాకెక్టిన్ అని పేరు పెట్టారు. తీరా 1985లో చూస్తే, అది 1975లోనే వేరొకరు కనుక్కున్న టీఎన్‌ఎఫ్ ఒక్కటే! గడ్డల్ని చంపుతుందని ఎంతో ఆశపడి పేరు పెట్టుకున్న పదార్థమే మనిషిని ఎండగడుతోందన్నమాట.

కాన్సర్‌లో ఇలా చిక్కిపోవడాన్ని కాకెక్సియా అంటారు. 2011లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని దీనికి ఒక నిర్వచనం రాసుకున్నారు. ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గడం దానికి ఒక గుర్తు. అంటే 60 కిలోల మనిషి 3 కిలోలకు మించి తగ్గితే జాగ్రత్తపడాలి. అదే నిర్వచనంలో ఇంకో మాట ఉంది, అది మీరు తప్పక గుర్తుపెట్టుకోవాలి. ఈ కండ తరుగుదలను మామూలు ఆహారంతో పూర్తిగా వెనక్కి తేలేం అని రాశారు. ఆ "పూర్తిగా" అన్న మాట చూడండి. ఆహారం వల్ల లాభం లేదని కాదు. ఆహారం ఒక్కటే చాలదని. మళ్లీ ఎవరైనా "పెడ్తలేవా" అంటే ఈ మాట చెప్పండి.

ఒక్క ఐఎల్-6 ఎన్ని పనులు చేస్తుందో!

ఇంట్లో మీ కళ్ల ముందు జరిగే చాలా మార్పుల వెనక ఈ కబుర్ల ప్రోటీన్లు ఉన్నాయి.

మొదటిది ఆకలి. ఇవి మెదడుకు చేరి ఆకలిని అణిచేస్తాయి, ఒళ్లంతా నీరసం కమ్మేలా చేస్తాయి. జ్వరం వచ్చిన నాడు మనకు అన్నం సహించకపోవడం, ముడుచుకుని పడుకోవాలనిపించడం అందుకే. కాన్సర్ రోగికి రోజూ జ్వరం నాటి పరిస్థితే. ఆయన పళ్లెం తోసేయడం మొండితనం కాదు.

రెండోది కండ. మామూలుగా పస్తున్నప్పుడు శరీరం ముందు కొవ్వును కరిగించి కండను వీలైనంత కాపాడుకుంటుంది. ఇక్కడ అలా కాదు. కొవ్వుతో పాటు తొడలు, భుజాల కండ కూడా కరిగి రక్తంలోకి పోతుంది.

మూడోది రక్తం. ఐఎల్-6 పెరిగితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ చేస్తుంది. ఇది ఒంట్లోని ఇనుముకు తాళం వేస్తుంది. తిన్న తిండిలోని ఇనుము పేగు దాటి రానివ్వదు, నిల్వ ఉన్నదాన్ని బయటకు రానివ్వదు. అందుకే బెల్లం, రాగులు, పాలకూర ఎంత పెట్టినా హిమోగ్లోబిన్ పెరగదు. ఇక్కడా మీ తప్పేమీ లేదు.

నాలుగోది కాలేయం. అది మామూలు పనిని పక్కనపెట్టి సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను గుట్టలుగా చేస్తుంది. అదే సమయంలో రక్తంలో ఆల్బుమిన్ తగ్గుతుంది. ఈ రెండూ మామూలు ల్యాబుల్లో జరిగే రక్తపరీక్షలే. సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి, ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాముల కన్నా తగ్గితే ఒంట్లో మంట తీవ్రంగా ఉన్నట్టు డాక్టర్లు లెక్కిస్తారు. ఈ లెక్కకు గ్లాస్గో స్కోరు అని పేరు. అయితే పంటి చీముకూ, మామూలు ఇన్‌ఫెక్షన్‌కూ సీఆర్‌పీ పెరుగుతుంది. కాబట్టి కాగితం చూసి మీరే నిర్ణయానికి రాకండి. డాక్టరుగారిని అడగండి.

రోగనిరోధక శక్తి తగ్గిందా, దారి తప్పిందా?

"ఆయనకు ఇమ్యూనిటీ తగ్గింది, పెంచే పొడి ఏదైనా చెప్పండి" అని చాలామంది అడుగుతారు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

కాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపే పోలీసులు మన ఒంట్లోనే ఉన్నారు. వాళ్ల పేర్లు టి-కణాలు, ఎన్‌కే కణాలు. "వీడే దొంగ" అని టి-కణానికి చూపించే డెండ్రైటిక్ కణాలు ఇంకో రకం. ఐఎల్-6 నెలల తరబడి ఎక్కువగా ఉంటే ఈ చూపించే కణాలు సరిగా ఎదగవు. దొంగను చూపించేవాడు లేక పోలీసు ఊరికే నిలబడతాడు. అంతటితో ఆగదు. ఎముక మూలుగ నుంచి పక్వానికి రాని తెల్లకణాలు గుంపులుగా వచ్చి గడ్డ చుట్టూ చేరి, టి-కణాల చేతులు కట్టేస్తాయి. ఎన్‌కే కణాల పదును కూడా తగ్గుతుంది.

చూశారా! రోగనిరోధక వ్యవస్థ నిద్రపోవడం లేదు. విపరీతంగా పనిచేస్తోంది, కానీ తప్పు దారిలో. మంట ఎక్కువ, రక్షణ తక్కువ. ఇలాంటప్పుడు "ఇమ్యూనిటీ పెంచుతాం" అనే పొడులూ కషాయాలూ ఏ సైరన్‌ను పెంచుతాయో చెప్పగలమా? పైగా కొన్ని మూలికలు కాన్సర్ మందులతో పడవు. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు రాశారు. కూరలో వేసే పసుపుతో భయం లేదు. పసుపు సారంతో చేసిన మాత్రలు మాత్రం డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు.

టి-కణాల చేతులకు ఉన్న కట్లు విప్పే మందులు ఇప్పుడున్నాయి. వాటినే ఇమ్యునోథెరపీ అంటున్నారు. దానికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఒంట్లో మంట ఎక్కువగా, సీఆర్‌పీ ఎత్తులో ఉన్నవారిలో ఈ మందుల ఫలితం తక్కువగా ఉంటున్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడింది. అంటే ఖరీదైన మందుకు కూడా ఈ సైరన్ అడ్డు పడుతుందన్నమాట.

మన బొగ్గు ప్రాంతం మాట

బొగ్గు ప్రాంతం వాళ్లు ఎందుకు ముఖ్యంగా చదవాలన్నానో ఇప్పుడు చెప్తాను. కాన్సర్ వచ్చాక మంట మొదలవడమే కాదు, ఏళ్ల తరబడి రగిలే మంట కాన్సర్‌కు దారి తీయడం కూడా ఉంది.

బాయిలో రాయికి డ్రిల్ వేసినప్పుడు సన్నటి రాతిదుమ్ము లేస్తుంది. అందులో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోని కాపలా కణాలు ఆ నలకను మింగుతాయి కానీ అరిగించుకోలేవు. మింగిన కణం లోపల చిట్లి, ఐఎల్-1ను బయటకు వదులుతుంది. ఇది ఎలా జరుగుతుందో 2008లో శాస్త్రవేత్తలు విడమరిచి చూపించారు. ఆ నలక పోదు, సైరన్ ఆగదు. సిలికా దుమ్ము మనుషుల్లో కాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 1997లో తేల్చింది. ఒట్టి బొగ్గు దుమ్ము విషయంలో మాత్రం అలా తేల్చడానికి ఆధారాలు చాలలేదని అప్పుడే చెప్పింది. కాబట్టి బాయిపని చేసే ప్రతివాడికీ కాన్సర్ వస్తుందని బెంగపడొద్దు. కానీ మాస్కు ఇంట్లో వదిలి డ్యూటీకి వెళ్లనివ్వొద్దు. పీఎంఈ పరీక్ష వచ్చినప్పుడు "ఏముంటుందిలే" అని ఎగ్గొట్టనివ్వొద్దు.

రెండో సంగతి మన వంటింటిదే. బొగ్గు దొరికే చోట బొగ్గు పొయ్యి మీద వంట కొత్త కాదు. గ్యాసు ఉన్నా నీళ్లకూ, పెద్ద వంటలకూ బొగ్గు రాజేసే ఇళ్లున్నాయి. ఇళ్లలో కాల్చే బొగ్గు పొగను అదే సంస్థ కాన్సర్ కారకాల మొదటి వరుసలో పెట్టింది. చైనాలో షువాన్‌వే అనే బొగ్గు ప్రాంతం ఉంది. అక్కడ బీడీ, సిగరెట్ ముట్టని ఆడవాళ్లలో ఊపిరితిత్తుల కాన్సర్ విపరీతంగా కనిపించింది. కారణం పొగగొట్టం లేని బొగ్గు పొయ్యి! పొగగొట్టాలు పెట్టించుకున్న ఇళ్లలో జబ్బు తగ్గిందని 2002లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. మన చేతిలో ఉన్న పని కదా ఇది. పొయ్యి తప్పనిసరైతే ఇంటి బయట పెట్టండి. రాజేసేటప్పుడు పసిపిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోకండి.

మూడోది నమిలే పొగాకు. బాయి లోపల నిప్పు నిషేధం. బీడీ తాగడానికి వీల్లేదు కాబట్టి పొగాకు దవడన పెట్టుకోవడం చాలామందికి అలవాటు. ఆ దవడ చర్మం రోజూ మండుతూనే ఉంటుంది. తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, మూడు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. భర్త దవడలో మచ్చ ఉందో లేదో టార్చిలైటు వేసి చూడ్డానికి సిగ్గెందుకు?

మందుతో సైరన్ ఆపేయరాదా?

మంచి ప్రశ్న. డాక్టర్లూ అదే ప్రయత్నించారు. గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా రోగులకు ఐఎల్-1ను ఆపే మందు ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల కాన్సర్ మరణాలు బాగా తగ్గాయి! అందరూ సంబరపడ్డారు. అయితే ఇన్‌ఫెక్షన్లతో చనిపోయినవారు కొంచెం పెరిగారు. సైరన్ పూర్తిగా కోసేస్తే నిజమైన దొంగ వచ్చినా ఎవరికీ తెలియదు మరి. ఆ తర్వాత అదే మందును అప్పటికే ముదిరిన ఊపిరితిత్తుల కాన్సర్ రోగులకు ఇస్తే ఆశించిన మేలు కనబడలేదు. టీఎన్‌ఎఫ్‌ను ఆపే మందులూ బరువు తగ్గడాన్ని ఆపలేకపోయాయి. ఇల్లంటుకున్నాక సైరన్ కట్టేసి ఏం లాభం?

అయినా నిరాశ వద్దు. పుదుచ్చేరిలోని జిప్‌మర్ ఆస్పత్రి వైద్యులు 2023లో ఒక మంచి కబురు చెప్పారు. ఒలాన్‌జపిన్ అనే చౌక మందును చిన్న మోతాదులో ఇస్తే, కీమో తీసుకుంటున్న రోగుల్లో చాలామందికి ఆకలి మెరుగుపడింది, బరువు పెరిగింది. ఇది మామూలుగా మానసిక జబ్బులకు వాడే మందు, మగత వస్తుంది, అందరికీ పనికిరాదు. మీరే కొనేయకండి. "డాక్టరుగారూ, ఈయనకు ఆకలి అసలు లేదు, ఆకలికి మందు ఏదైనా ఇవ్వొచ్చా?" అని మాత్రం తప్పకుండా అడగండి. ఆకలి లేకపోవడం కూడా డాక్టరుకు చెప్పాల్సిన జబ్బే.

ఇంట్లో మనం చేయగలిగినవి

బరువు రాసిపెట్టండి. వారానికోసారి, ఒకే రోజు, ఒకే త్రాసు మీద. ఆ కాగితం ఫైల్లో పెట్టి డాక్టరుకు చూపించండి. "బాగా చిక్కాడండీ" అనే మాట కన్నా "రెండు నెలల్లో 4 కిలోలు" అన్న అంకె త్వరగా పనిచేస్తుంది.

కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి. నిండు పళ్లెం చూస్తేనే వాళ్లకు వెగటు. చిన్న గిన్నెలో నాలుగు చెంచాలు పెట్టండి. చాలామందికి పొద్దున పూట ఆకలి కాస్త నయంగా ఉంటుంది. బలమైనది అప్పుడే పెట్టండి. బతిమాలండి గానీ పోట్లాడకండి.

పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి. పప్పు తింటే చీము పడుతుందనీ, గుడ్డు వేడి అనీ, తిండి పెడితే గడ్డ పెరుగుతుందనీ ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. గడ్డ తన తిండి తను లాక్కుంటుంది. మీరు మాన్పిస్తే ఎండిపోయేది మనిషే. రోజుకు కిలో బరువుకు ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, 7 గ్రాములు, 100 గ్రాముల కోడిమాంసంలో 25 గ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడిగి పెట్టాలి.

కాస్త నడిపించండి. కదలని కండ ఇంకా త్వరగా కరుగుతుంది. వాకిట్లో నాలుగడుగులైనా సరే, కుర్చీలో కూర్చుని లేవడమైనా సరే.

ఐరన్ మాత్రలు మీరే కొనకండి. తాళం వేసి ఉన్న చోట ఇంకా ఇనుము పోస్తే కడుపు నొప్పి, మలబద్ధకం తప్ప ఫలితం తక్కువ. నిజంగా ఇనుము కొరత ఉందో లేదో రక్తపరీక్షలో తేలుతుంది.

నోరు శుభ్రంగా ఉంచండి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి. చిగుళ్ల వాపు కూడా ఒక చిన్న సైరనే!

అన్నిటికన్నా ముఖ్యం, జ్వరం. కీమో ఇచ్చాక ఒకటి, రెండు వారాల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు థర్మామీటరులో 100.4 ఫారెన్‌హీట్ చూపిందంటే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి బయల్దేరాలి. జ్వరం మాత్ర వేసి "పొద్దున చూద్దాం" అనొద్దు. కీమో హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆస్పత్రిలోనో, మరో చోటో జరిగి ఉండొచ్చు. రెండొందల కిలోమీటర్లు దాటి అక్కడికే పోవాలని రైలు కోసం కూర్చోకండి. ముందు దగ్గరున్న పెద్దాస్పత్రికి వెళ్లి, కీమో కాగితం చూపించి, "ఫలానా తారీఖున కీమో అయింది, ఇప్పుడు జ్వరం" అని చెప్పండి. చలితో వణుకు, ఆయాసం, మాట తడబడటం ఉంటే జ్వరం లేకున్నా వెళ్లాల్సిందే. ఈ కీమో ఫైలు, థర్మామీటరు ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి.

ఈ వారం వంట: పెసరపప్పు పాల జావ

మూడు పెద్ద చెంచాల పెసరపప్పును దోరగా వేయించి, నీళ్లు పోసి మెత్తగా ఉడికించండి. పప్పుగుత్తితో బాగా మెదిపి, గ్లాసు కాచిన పాలు, ఒక పెద్ద చెంచా వేయించిన పల్లీల పొడి, చెంచా నెయ్యి కలిపి రెండు పొంగులు రానివ్వండి. దించి, కాస్త చల్లారాక బెల్లం తురుము కలపండి. పొయ్యి మీదుండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. షుగరు ఉన్నవారికి బెల్లం మాని, చిటికెడు ఉప్పు, జీలకర్ర పొడి వేయండి. నోట్లో పుండ్లుంటే వడకట్టి చల్లగా ఇవ్వండి. ఒక గిన్నె జావలో 17, 18 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఒక్కసారే తాగలేకపోతే రెండుసార్లుగా ఇవ్వండి. మిగిలింది మాత్రం మర్నాటికి దాచకండి.

మరి మీ సంగతి?

ఇల్లాలు రోగిని చూసుకుంటూ తన ఒంటిని మరిచిపోతుంది. రొమ్ములో గడ్డ తగిలినా, ముట్లుడిగాక రక్తం కనిపించినా "ఆయన పని కానీ, తర్వాత చూసుకుందాం" అంటుంది. ఆ తర్వాత అనేది రాకముందే ఆస్పత్రికి వెళ్లండి. రాత్రిళ్లు మెలకువగా ఉండే వంతు పిల్లలకూ, మరుదులకూ, ఆడపడుచులకూ పంచండి. చూడ్డానికి వచ్చిన చుట్టం "ఏమైనా చేయమంటావా?" అని అడిగితే మొహమాటపడకండి. "ఈ పూట మీరు కూర్చోండి, నేను ఒక గంట పడుకుంటాను" అనండి.

ఇంకొకటి. కొందరిలో జబ్బు చాలా ముదిరాక, చివరి రోజుల్లో, తిండి పూర్తిగా సహించదు. అప్పుడు బలవంతంగా పెట్టింది ఒంటబట్టదు, పొరబోయి బాధ పెరుగుతుంది. తడి గుడ్డతో పెదాలు తడిపి, చెంచాతో నీళ్లు ఇచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చోవడం కూడా సేవే. అన్నం తినలేదని ఆ రోజు మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ఈ పేజీ చింపి పక్క క్వార్టరులో అవసరమున్న ఇంటికి ఇవ్వండి. అన్నిటికన్నా ముందు, మంచం దగ్గర కూర్చుని మాట అనబోయే చుట్టానికి చదివి వినిపించండి!